నీడ చెప్పిన తప్పు

ఫజ్ర్ నమాజ్ ముగించి మస్జిద్ నుండి ఇంటికి వచ్చేసరికి పెద్దాపురం ఇంకా పూర్తిగా మేల్కొని ఉండదు. కరెంటు నిలకడగా ఉండే ఆ రెండు గంటలే మా అసలు పనివేళ. పగలంతా ఒక సంస్థకు జీతానికి ప్రోగ్రాములు రాస్తాము. ఇల్లు గడిచేది దానితోనే. తెల్లవారుజామున రాసేది మాత్రం ఎవరికీ అమ్మము. కంప్యూటరు తెరపై ఒక మూలన కూర్చుని అయిదు పూటల నమాజ్ వేళలు చూపే చిన్న ప్రోగ్రాము అది. దాని మూలరాతను ఎవరైనా తెరచి చదువవచ్చు, సవరించవచ్చు, పదిమందికీ పంచవచ్చు.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించారు. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలై సామాన్యుడు వాడుకోదగిన డెస్క్‌టాప్‌ను ఉచితంగా అందించాయి. వాటి మెనూలను తెలుగులోకి మార్చిన వారిలో ఎందరో స్వచ్ఛంద సేవకులున్నారు. 2001లో ఆరంభమైన అరబ్‌ఐస్ బృందం అరబ్బీ లిపిని లినక్స్ తెరపైకి తేవడమే గాక, నమాజ్ వేళలను, హిజ్రీ తేదీలను లెక్కించే ప్రోగ్రాములను కూడా అందరికీ తెరచి ఉంచింది. మాబోటివారు ఆ బాటలో నడిచేవారమే.

ఇంకా వెనుకకు చూస్తే ఈ విద్య మన పెద్దలదే. బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ నమాజ్ వేళల పట్టికలు కూర్చారు. నేడు కంప్యూటరు రంగమంతా వాడే 'అల్గారిథమ్' అనే మాట ఆయన పేరు నుండి పుట్టినదే. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో ఇబ్ను షాతిర్ వేళలు నిర్ణయించే 'మువఖ్ఖిత్'గా పనిచేశారు. మా పనిముట్టు కీబోర్డు, వారిది నీడగడియారం. బాధ్యత మాత్రం ఒక్కటే.

ఆ బాధ్యత ఎంతటిదో పాఠకులకు ఒక లెక్కతో చెబుతాము. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మనకు చేరువలోనే, కాకినాడ ప్రాంతం మీదుగా పోతుంది. పెద్దాపురం దానికి కాస్త పడమరగా ఉన్నందున ఇక్కడి సూర్యుడు ఆ రేఖ కన్నా ఒకటిన్నర నిమిషం మాత్రమే వెనుక. హైదరాబాద్‌కు మనకు తేడా సుమారు 14 నిమిషాలు. అక్కడ అచ్చయిన రమజాన్ పట్టికను చూసి ఇక్కడ సహరీ తినేవారు ఫజ్ర్ ప్రవేశించిన తరువాత కూడా తింటూనే ఉంటారు. ఒక పట్టణపు అంకెలను మరొక పట్టణానికి అంటగట్టడంలోని ప్రమాదం ఇదే.

సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ కూడా ఏడాది పొడవునా ఒకటి కాదు. మనవద్ద ఫిబ్రవరి నడుమ 12 గంటల 16 నిమిషాలకు, నవంబరు మొదట్లో 11 గంటల 45 నిమిషాలకు అది జరుగుతుంది. ప్రోగ్రాము ఇవన్నీ లెక్కకట్టాలి. మేమూ కట్టామనే అనుకున్నాము.

ఒక జూన్ నెలలో మా వీధి ముఅజ్జిన్ చాచా మా గుమ్మం తట్టారు. ఆయన కంప్యూటరు ఎరుగరు, నీడ ఎరుగుదురు. సలాం చెప్పి కూర్చుని, "బేటా, నీ మిషను అస్ర్‌కు తొందరపడుతోంది. నీడ ఇంకా రాలేదు" అన్నారు.

మాకు లోలోపల నవ్వు వచ్చింది. నిజం చెప్పాలంటే కొంచెం అహం కూడా కలిగింది. ఎన్నో పరీక్షలు పెట్టి చూసిన లెక్కను ఒక కర్ర ముక్క తప్పుపట్టగలదా అనుకున్నాము. అయినా పెద్దాయన మాట కాదనలేక, ఎండ కాసిన రోజు చూసి పెరట్లో మీటరు కర్ర నిలబెట్టాము.

హనఫీ పద్ధతిలో వస్తువు ఎత్తుకు రెండింతల నీడకు మధ్యాహ్నపు నీడను కూడా కలిపితే అస్ర్ ప్రవేశిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం నీడ 11 సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు పడింది. అంటే అస్ర్‌కు నీడ 211 సెంటీమీటర్లకు చేరాలి. మా ప్రోగ్రాము చూపిన 4 గంటల 29 నిమిషాలకు కొలిస్తే 189 మాత్రమే ఉంది. 4 గంటల 40 నిమిషాలకు గాని 211 కాలేదు. పదకొండు నిమిషాలు! చాచా మాటే నిజమయింది.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రి ఇషా తరువాత దొరికింది. మధ్యాహ్నపు నీడ కోసం ఊరి అక్షాంశం నుండి సూర్యుని స్థానాన్ని తీసివేస్తాము. ఢిల్లీ వంటి ఉత్తరాది నగరాలలో సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు గనుక ఆ తేడా ఎన్నడూ సున్నా కన్న తగ్గదు. మన ఊరు 17 డిగ్రీల అక్షాంశంపై ఉంది. మే 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చి, ఆపై ఆగస్టు 5 ప్రాంతం దాకా మనకు ఉత్తరానే నడుస్తాడు. అప్పుడు ఆ తేడా రుణసంఖ్య అవుతుంది. కలపవలసిన 11 సెంటీమీటర్లను మా ప్రోగ్రాము తీసివేసింది. పాఠశాలలో నేర్చిన 'పరమ మూల్యం' అనే చిన్న గుర్తును ఒక పంక్తిలో మరచినందున ఇంత జరిగింది. మక్కాకు కూడా మే చివరి నుండి జూలై నడుమ వరకు ఇదే పరిస్థితి. మేము పరీక్షించినదంతా ఢిల్లీ అంకెలతో, శీతకాలపు తేదీలతో.

సవరించడానికి ఒక్క నిమిషం పట్టింది. సవరణ ప్రకటన రాయడానికి గంట పట్టింది. తప్పును దాచి, 'చిన్న మార్పులు' అని రాసి ఊరుకోవచ్చునని మనసు చెప్పింది. కాని మా లెక్కను నమ్మి వేళ కాకముందే నమాజ్‌కు నిలిచినవారు ఎందరో మాకు తెలియదు. వేళ ప్రవేశించనిదే నమాజ్ చెల్లదు. అందుకని ఏ నెలలలో, ఏ అక్షాంశాలలో, ఎన్ని నిమిషాలు పొరపాటు జరిగిందో, అది మా వల్లనే జరిగిందో స్పష్టంగా రాసి, కొత్త ప్రతితో పాటు అందరికీ పంపాము. మూలరాత తెరచి ఉన్నందున దిద్దుబాటు సరైనదో కాదో ఎవరైనా స్వయంగా చూసుకోవచ్చు. మూసిపెట్టిన పెట్టెలోని తప్పు చేసినవాడికి గౌరవాన్ని మిగిల్చినా, నమ్మినవాడికి నష్టాన్నే మిగులుస్తుంది.

జీతం లేని ఈ పని ఎందుకని బంధువులు అడుగుతారు. మనిషి పోయిన తరువాత కూడా ప్రయోజనం ఇచ్చే విద్య నిలిచే పుణ్యాలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. మేలు నిలిచినట్లే తప్పు కూడా నిలుస్తుందని ఆ జూన్ నెల మాకు నేర్పింది. పంచిపెట్టినది ఉచితమైనంత మాత్రాన అమానత్ కాకుండా పోదు.

ఇప్పుడు ప్రతి కొత్త ప్రతిని పంపే ముందు పెద్దాపురం అంకెలతో, నడివేసవి తేదీతో పరీక్షిస్తాము. పెరట్లో మీటరు కర్ర అలాగే ఉంది. ఎండ కాసిన సాయంత్రాలలో చాచా వచ్చి దాని పక్కన నిలబడతారు. నీడ గీత దాటాక తల ఊపి, అజాన్ ఇవ్వడానికి మస్జిద్ వైపు సాగిపోతారు.