చైనా భోజనశాలలో ఉమ్మడి గిన్నె

చైనా దేశపు భోజనశాలలో అడుగు పెట్టు తెలుగువారు మొదట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. అచ్చట వంటకము మనిషికొరకు రాదు, బల్లకొరకు వచ్చును. మన హోటళ్లలో నలుగురు కూర్చున్నచో ఒకరికి దోసె, ఒకరికి ఇడ్లీ, ఇద్దరికి భోజనము అని ఎవరిది వారు చెప్పుకొందురు. చైనాలో నలుగురు కూర్చున్నచో నాలుగైదు వంటకములు చెప్పి, అన్నింటిని బల్ల నడుమ నుంచుకొని, అందరును అన్నింటినుండి తినెదరు. అన్నమొక్కటే చిన్న గిన్నెలలో ఎవరిది వారికి వచ్చును.

మేము చెప్పుచున్నది గొప్ప విందులు జరుగు శాలలను గూర్చి కాదు. సాయంకాల మైనంతనే ఉద్యోగులతోను, విద్యార్థులతోను, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబములతోను నిండిపోవు నేటి నగరపు సామాన్య భోజనశాలలను గూర్చి. తెలుగు నాటినుండి వైద్యవిద్యకై చైనా వెళ్లిన విద్యార్థు లనేకులు. వ్యాపారమునకై పోవువారును కలరు. వారికిని, ఇంటివద్ద నుండి వారి ముచ్చట్లు వినువారికిని ఈ నాలుగు మాటలు ఉపకరింపగలవని మా నమ్మకము.

ఇట్టి శాలలలో నేడు వడ్డించువాడు కాగితము, పెన్సిలు పట్టుకొని వచ్చుట అరుదైనది. బల్లమీద అతికించిన చతురస్రపు గుర్తును చేతిలోని ఫోనుతో చూచినచో వంటకముల పట్టిక బొమ్మలతో సహా తెరమీద కనబడును. ఏమి కావలెనో అందులోనే చెప్పి, సొమ్మును అందులోనే చెల్లింపవచ్చును. పద్ధతి క్రొత్తది, కాని వంటకముల నెన్నుకొను తీరు పాతదే. మనిషి కొక్కటి చొప్పున, పైన నొక్కటి అనునది వాడుకలోని లెక్క. మాంసమొకటి, చేప యొకటి, ఆకుకూర యొకటి, సోయాచిక్కుడు పాలను విరిచి చేయు టోఫు ఒకటి, చారువంటి సూపు ఒకటి — ఈ విధముగా ఒకదాని రుచి నింకొకటి సరిచూచునట్లు కూర్తురు.

బల్లమీద కత్తి కనబడదు. కోయు పని అంతయు వంటయింటనే ముగియును. కూరను, మాంసమును సన్నని ముక్కలుగా తరిగి, మిక్కిలి వేడెక్కిన లోతైన ఇనుప మూకుడులో కొద్ది నిమిషములలో వేయించి తీసెదరు. ముక్క చిన్నదైనచో త్వరగా ఉడుకును. వంటచెరకు తక్కువ పట్టును. నోటికి సరిపడు ముక్కయే బల్లమీదికి వచ్చుటచేత, తినుటకు చాప్‌స్టిక్కు లనబడు రెండు పుల్లలు చాలును. అన్నపు గిన్నెను చేత నెత్తి నోటి దగ్గరకు తెచ్చుకొనుట అచ్చట మర్యాదయే. పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చుట మాత్రము తగదు. మృతులకొరకు వెలిగించి నిలుపు అగరువత్తులను అది తలపింపజేయును. గ్వాంగ్‌జౌ, హాంకాంగు ప్రాంతములలో మన కప్పులో నెవరైన తేనీరు పోసినచో, రెండు వ్రేళ్లతో బల్లను మెల్లగా తట్టుట కృతజ్ఞతకు గుర్తు. తేనీటి పాత్రమూతను ప్రక్కకు జరిపి ఉంచినచో, వేడినీరు మరల కావలెనని అర్థము.

శాకాహారు లొక్క విషయమున జాగరూకులై యుండవలెను. సిచువాన్ ప్రాంతపు ప్రసిద్ధ వంటకమగు మాపో టోఫు పేరునుబట్టి శాకాహారమని తోచును. కాని అందు తరిగిన మాంసము వేయుట పరిపాటి. ఆకుకూరను సైతము పందికొవ్వులో వేయించు వంటవారు కలరు. అదియుగాక, వారి భాషలో మాంసమను మాట వట్టిగా వాడినచో సాధారణముగా పందిమాంసమని అర్థము. కావున ‘మాంసము వలదు’ అనినంతనే కోడియు, రొయ్యయు, కొవ్వును తప్పునని తలంపరాదు. ఏయే వస్తువులు కూడవో పేరు పేరున చెప్పుటయే క్షేమము.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. నడుమ నున్న గిన్నెలోనికి పదిమంది తమ తమ పుల్లలు పెట్టి తీసికొనుట మనవారికి మింగుడుపడని సంగతి. నోట పెట్టుకొన్న పుల్ల మరల గిన్నెలోనికి పోవును గదా! మన యిండ్లలో దీనికి ఎంగిలి యని పేరు. ఎంగిలి తగులకుండుటకే మనవారు విస్తరి విడిగా వేసిరి. గరిటె నింకొకరి చేతి కిచ్చి వడ్డన యను మర్యాదను కల్పించిరి. చైనావారి దృష్టి వేరు. పెద్దలు తమ పుల్లలతో చేపలోని మంచి ముక్కను తీసి అతిథి గిన్నెలో నుంచుట వారికి ఆప్యాయతకు పరమావధి. దానిని కాదనుట మనస్సు నొప్పించుటయే.

ఈ ఆప్యాయత వెనుక ప్రమాదము కూడ పొంచి యున్నదని గట్టిగా చెప్పినవారిలో ముఖ్యుడు డాక్టరు వూ లియన్ తే. 1879లో మలయా దేశపు పెనాంగులో జన్మించి, కేంబ్రిడ్జిలో వైద్యము చదివిన యీతడు, 1910వ సంవత్సరాంతమున మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు విజృంభించినప్పుడు హార్బిన్ నగరమునకు పోయి దాని నెదిరించెను. అరువదివేలమంది ప్రాణములు గొన్న ఆ వ్యాధి గాలిద్వారా సోకునని గ్రహించి, గుడ్డతో ముక్కు, నోరు కప్పుకొనుడని అందరకు బోధించెను. క్షయవ్యాధి ఇంటింట తిరుగుచున్న ఆ కాలమున ఆయన దృష్టి భోజనపు బల్లమీదికిని మరలెను. బల్ల నడుమ తిరుగు గుండ్రని పలక నొకటి అమర్చి, దానిపై వంటకముల నుంచి, ప్రతి గిన్నెకును విడిగా నొక చెంచా పెట్టవలెనని ఆయన 1915లో సూచించెను. గిన్నె అందరిది, చెంచా ఎవరి నోటిదియు కాదు. నేడు చైనా భోజనశాలలలో మనము చూచు తిరుగుడు పలకను నిర్మలమైన వడ్డనకు సాధనముగా భావించిన వైద్యు డాతడు.

ఉమ్మడి గిన్నె చైనాలో అనాదిగా వచ్చిన ఆచార మనుకొనుటయు సరికాదు. హాన్ వంశపు రాజుల కాలమున జనులు చాపలమీద కూర్చుండి, ఎవరి చిన్న పీటమీద వారు భుజించెడివారు. ఎత్తైన కుర్చీలు, పెద్ద బల్లలు వాడుకలోనికి వచ్చిన పిదపనే, టాంగు, సుంగు వంశముల కాలమున, అందరును ఒక బల్లచుట్టు చేరి కలిసి తినుట వ్యాపించినది. ఆచారమొకప్పుడు బల్లనుబట్టి మారినది. మరల వ్యాధినిబట్టి మారుచున్నది.

2003లో సార్సు వ్యాధి హాంకాంగులో 1,755 మందికి సోకి 299 మందిని బలిగొన్నది. అటుపిమ్మట అచ్చటి భోజనశాలలలో ఒక్కొక్కరి ముందు రెండు జతల పుల్ల లుంచుట వాడుకైనది, రంగులు వేరు. ఒక జత గిన్నెనుండి తీసికొనుటకు, రెండవ జత తినుటకు. వడ్డనకు వాడు పుల్లలను గోంగ్‌క్వాయ్, అనగా ఉమ్మడి పుల్లలు, అందురు. 2020లో కోవిడు వచ్చినప్పుడు చైనాలోని పలు నగరములలో ప్రభుత్వములే వీనిని వాడుడని ప్రచారము చేసినవి.

భోజనశాలలో ఈ మార్పు సులువుగనే సాగుచున్నది. ఇంటిలో అంత సులువు కాదు. మనుమని గిన్నెలో ముక్క వేయబోవు అవ్వతో ‘ఆ పుల్లలు కాదు, ఈ పుల్లలు’ అని ఎవరు చెప్పగలరు? ఆ మాటలో ఆమెకు ఆరోగ్యము వినబడదు, పరాయితనము వినబడును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. వెన్నెలలో కూర్చుండి ఒకే గిన్నెలో అన్నము కలిపి పిల్లలందరి చేతులలో ముద్దలు పెట్టు మన అమ్మమ్మను తలచుకొన్నచో దీనికి సమాధానము దొరకును. గిన్నె ఒక్కటే, పెట్టు చేయి నోటికి పోలేదు, ప్రేమకు లోటు రాలేదు.

మన పట్టణములలోను నేడు మిత్రులు, కుటుంబములు హోటలులో కూర్చుండి నూడుల్సును, వేపుళ్లను నడుమ నుంచుకొని పంచుకొనుచున్నారు. వడ్డించువాడు దగ్గర లేనప్పుడు ఎవరి చెంచా వారు గిన్నెలో ముంచుట జరుగుచున్నది. విస్తరిలో పెద్దలు కాపాడిన నియమము ఇచ్చట జారిపోవుచున్నది. గిన్నె కొక గరిటె అదనముగా అడిగి తెప్పించుకొనుట కష్టమైన పని కాదు. చైనాలో నున్న మన విద్యార్థియు రెండవ జత పుల్లలు కనబడకున్నచో ‘గోంగ్‌క్వాయ్’ అని అడిగిన చాలును. ఆ మాట అచ్చటివారి కెవరికిని క్రొత్త కాదు. అడిగినవానిని తప్పుపట్టువారు నేడు లేరు.