కోటి రూపాయల కారు ముప్పై లక్షలకు వస్తే

2014 జూన్‌లో మెర్సిడెస్ బెంజ్ ఎస్350 సీడీఐ మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ఎక్స్‌షోరూమ్ ధర రూ.1.07 కోట్లు. ఆనాటి కారే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులో టాప్ ఎండ్ ఇన్నోవా హైక్రాస్ ధరకు అటూ ఇటూగా దొరుకుతోంది. ఐదుంపావు మీటర్ల పొడవు, వెనక సీట్లో కాళ్లు బారజాపుకునేంత చోటు, గతుకుల్ని తనలోనే దాచుకునే ఎయిర్ సస్పెన్షన్. ఇవన్నీ ఆ ధరకే వస్తుంటే కొత్త ఎస్‌యూవీ దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. అమ్మేవాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట చెబుతారు.

వాళ్లు చెప్పనిది ఒకటుంది. పదేళ్లలో తగ్గింది ఆ కారు అమ్మకం ధర ఒక్కటే. విడిభాగాల ధర తగ్గలేదు, విప్పి బిగించే కూలీ తగ్గలేదు. ముప్పై లక్షలకే కొన్నా సర్వీస్ సెంటర్ గేటు దాటాక అది మళ్లీ కోటి రూపాయల కారే. కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్న నిర్ణయం మొత్తం ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

ఒక్కో కంపెనీ తన సత్తా అంతా చూపించే పెద్ద సెడాన్లు ఇవి: మెర్సిడెస్ ఎస్ క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్, ఆడి ఏ8 ఎల్, లెక్సస్ ఎల్ఎస్. కొత్త టెక్నాలజీ ముందుగా వీటిలోకే వస్తుంది. ఏబీఎస్ బ్రేకులు 1978లో, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 1981లో ఎస్ క్లాస్‌తోనే జనంలోకి వచ్చాయి. మన దేశంలో ఈ రెండూ కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది 2019లో. 1994లో ఆడి ఏ8 అల్యూమినియం చట్రంతో వచ్చింది. 2001లో 7 సిరీస్ ఒక్క గుండ్రటి బటన్‌తో కారులోని సగం పనులు చేయించే పద్ధతి తెచ్చింది. కొత్త కారు కొనేవాళ్లకు ఇది గర్వకారణం. పాత కారు కొనేవాళ్లకు మాత్రం హెచ్చరిక, ఎందుకంటే ఏ టెక్నాలజీకైనా తొలి రూపమే తొందరగా మొరాయిస్తుంది. పైగా దాన్ని బాగుచేయడం తెలిసినవాళ్లూ తక్కువ.

ముందు కొత్త కారు సంగతి. ప్రస్తుత తరం 7 సిరీస్‌ను బీఎండబ్ల్యూ 2023 జనవరిలో విడుదల చేసింది. అప్పుడు 740ఐ ధర రూ.1.70 కోట్లు. తెలంగాణలో 20 లక్షలు దాటిన కార్లకు లైఫ్ ట్యాక్స్‌ను 2022 మేలో 18 శాతం చేశారు. ఆ లెక్కన అప్పట్లో ఈ కారు మీద పన్నే రూ.30.6 లక్షలు అయ్యేది. అంటే నంబర్ ప్లేటు వేయించుకోవడానికి అయ్యే ఖర్చుతో ఇంకో మంచి కారు వస్తుంది. ఆపైన బీమా. ఇక జీఎస్టీ సంగతికి వస్తే, పెద్ద ఇంజిన్ సెడాన్ల మీద పన్ను, సెస్సు కలిపి ఒకప్పుడు 48 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేసి 40 శాతం చేశారు. దాంతో కొత్త కార్ల ధర తగ్గింది, ఆ వెనకే పాత కార్ల బేరమూ దిగింది. ఈ తేదీకి ముందు కొన్న కారును అమ్మేవాళ్లు తాము పెట్టిన డబ్బు లెక్క చెబితే, ఇవాళ అదే కారు కొత్తగా ఎంతకు వస్తుందో చూసుకుని మాట్లాడాలి.

ఈ లైఫ్ ట్యాక్స్‌లోనే పాత కారుకు ఉన్న అసలైన లాభం దాగుంది. మొదటి యజమాని కట్టిన ఆ ముప్పై లక్షలు కారుతో పాటే రెండో యజమానికి చేరతాయి. అదే రాష్ట్రంలో చేతులు మారితే మళ్లీ కట్టే పని లేదు. అమ్మేటప్పుడు ఆ డబ్బు మొదటివాళ్లకు పూర్తిగా తిరిగి రాదు కూడా. బీమా లెక్కల్లో కారు విలువ తొలి ఏడాదికే 15 శాతం, మూడేళ్లకు 30 శాతం, ఐదేళ్లకు 50 శాతం తగ్గినట్టు చూస్తారు. ఈ తరహా సెడాన్లు బజారులో అంతకంటే వేగంగా పడిపోతాయి. కొనే స్తోమత ఉన్నవాళ్లకు కొత్తదే కావాలి, పాతది కొనాలనుకునేవాళ్లకు ఖర్చు భయం. మధ్యలో ధర కుప్పకూలుతుంది.

ఆ భయం ఉత్తిది కాదు. ఎయిర్ సస్పెన్షన్‌నే తీసుకోండి. స్ప్రింగు ఉండాల్సిన చోట గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. కారు కదిలినప్పుడల్లా అది ఒకే మడత దగ్గర ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. కొన్నేళ్లకు ఆ మడతలో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంటే కారును పైకి లేపడానికి కంప్రెసర్ అదే పనిగా తిరుగుతుంది. తిరిగి తిరిగి ఒకనాడు అదీ కాలిపోతుంది. అలా ఒక తిత్తి ఖర్చు కాస్తా తిత్తీ కంప్రెసర్ కలిసిన ఖర్చవుతుంది. ఇది అరుగుదల కింద వస్తుంది కాబట్టి బీమా కంపెనీ పైసా ఇవ్వదు.

దీన్ని పట్టుకోవడానికి చేతిలో ఒక టేపు ఉంటే చాలు. కారును సమతలంగా ఉన్నచోట రాత్రంతా ఆపి ఉంచమనాలి. ఆపిన వెంటనే ఒకసారి, తెల్లారి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఒకసారి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. ఒక మూల మాత్రం వేలెడు దిగిందంటే అక్కడ గాలి పోతున్నట్టే. స్టార్ట్ చేశాక కారు లేవడానికి ఎంతసేపు పట్టింది, కంప్రెసర్ ఎంతసేపు గుయ్‌మంది అన్నదీ గమనించాలి. కొనేవాళ్లు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా, కారు నిటారుగా నిలబడి ఉంటే, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి చూడటం మంచిది.

ఇంజిన్ల విషయంలో ఏది పడితే అది కొనకూడదు. బీఎండబ్ల్యూ 2008లో తెచ్చిన ఎన్63 అనే వీ8 ఇంజిన్‌లో టర్బోలు రెండు సిలిండర్ వరసల మధ్యలో, ఇంజిన్ నడినెత్తిన ఉంటాయి. జాగా కలిసొచ్చింది, కానీ ఆ వేడికి చుట్టూ ఉన్న సీళ్లు, గొట్టాలు తొందరగా గట్టిపడిపోయాయి. ఆయిల్ ఎక్కువ తాగుతుందన్న ఫిర్యాదులు పెరిగి, 2014 చివర్లో కంపెనీ అమెరికాలో ఈ ఇంజిన్ కోసం ప్రత్యేక మరమ్మతు కార్యక్రమమే నడపాల్సి వచ్చింది. ఆ కాలపు 750ఎల్‌ఐ ఎంత చవగ్గా వచ్చినా, మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో దాన్ని నడిపించాలనుకోవడం ధైర్యమే. మెర్సిడెస్ పాత వీ6 డీజిల్‌లో ఆయిల్ కూలర్ సీళ్లది ఇంకో కథ. సీలు ఖరీదు పెద్దదేమీ కాదు. అది ఇంజిన్ లోతులో ఉంటుంది కాబట్టి అక్కడికి చేరడానికే పైభాగమంతా ఊడదీయాలి. బిల్లులో సామాను కంటే కూలీయే ఎక్కువ.

మరి ఏది కొనొచ్చు? 2018లో వచ్చిన ఎస్350డీ మీద మనసు పెట్టడంలో అర్థం ఉంది. వరసగా ఆరు సిలిండర్లున్న కొత్త డీజిల్ ఇంజిన్, 286 హార్స్‌పవర్. దేశం మొత్తం బీఎస్6కు మారింది 2020 ఏప్రిల్‌లోనైతే, ఇది రెండేళ్ల ముందే ఆ ప్రమాణంతో పుణె దగ్గరి చాకన్‌లో తయారైంది. అదే కాలపు 7 సిరీస్‌లో 730ఎల్‌డీ కూడా ఆరు సిలిండర్ల డీజిలే. అప్పుడప్పుడు వెనక కూర్చుని విజయవాడో బెంగళూరో వెళ్లొచ్చే కుటుంబానికి వీటికి మించిన బలం అక్కర్లేదు. ఏ8, జాగ్వార్ ఎక్స్‌జే లాంటి అల్యూమినియం బాడీ కార్లకు ప్రమాదం జరిగి ఉంటే వదిలేయడమే మేలు. ఆ లోహాన్ని మామూలు షెడ్డులో సుత్తితో సరిచేయలేరు, దానికి విడిగా పనిముట్లు, శిక్షణ ఉండాలి. ఎక్స్‌జే తయారీ 2019 జులైలోనే ఆగిపోయింది కూడా.

ఎంత పాతదాకా వెళ్లొచ్చంటే, ఐదారేళ్లు. ఒక్క యజమాని చేతిలో నడిచి ఉండాలి, ప్రతి సర్వీసుకూ బిల్లు ఉండాలి. కారు ధరలో కనీసం ఐదో వంతు మరమ్మతుల కోసం విడిగా పెట్టుకోగలగాలి. అది పెట్టుకోలేని పరిస్థితిలో ఈ తరహా కారు జోలికి వెళ్లకపోవడమే ఇంటికి మంచిది. ఈఎంఐ తీరకముందే హెడ్‌లైట్ యూనిట్ ఒక్కటి పగిలితే లక్షల్లో బిల్లు వస్తుంది. జీరో డిప్రిసియేషన్ కవర్ లేని బీమాలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బే ఇస్తారు. పాత కార్లకు ఆ కవర్ దొరకడమూ కష్టమే.

మీటర్ రీడింగ్‌ను గుడ్డిగా నమ్మాల్సిన పని లేదు. తిరిగిన కిలోమీటర్లు డ్యాష్‌బోర్డులో ఒక్కచోటే ఉండవు, మరికొన్ని ఎలక్ట్రానిక్ యూనిట్లలో కూడా నమోదవుతాయి. కంపెనీ వర్క్‌షాపులో స్కానర్ పెడితే మీటర్ తిప్పిన సంగతి చాలాసార్లు అక్కడ బయటపడుతుంది. టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు కూడా చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరని. మీటర్ మీద పదిహేను వేల కిలోమీటర్లే ఉండి టైర్లు ఎప్పుడో మార్చి ఉంటే ఎందుకని అడగాల్సిందే. అలాగని తక్కువ తిరిగిన ప్రతి కారూ మంచిదని కాదు. ఏడాదిలో పది నెలలు గ్యారేజీలో నిలబడిన కారులో బ్యాటరీ, రబ్బరు సామాను, టైర్లు నిలబడే పాడవుతాయి.

వరద నీళ్లు చూసిన కారు అన్నిటికంటే ప్రమాదం. చెన్నైలో 2015, 2023 డిసెంబర్లు, హైదరాబాద్‌లో 2020 అక్టోబర్, విజయవాడలో 2024 సెప్టెంబర్ నాటి బుడమేరు వరద. ప్రతిసారీ వేల వాహనాలు మునిగాయి. బీమా కంపెనీలు టోటల్ లాస్ కింద తీసేసిన కార్లు శుభ్రమై, పాలిష్ ఎక్కి మళ్లీ బజారుకు రావడం కొత్తేమీ కాదు. పెద్ద సెడాన్లలో వైర్లు, కంట్రోల్ బాక్సులు చాలావరకు కార్పెట్ల కిందా, డిక్కీ అడుగునా ఉంటాయి. అందుకే వాటికి అడుగు లోతు నీళ్లు చాలు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే లోపలి మడతల్లో బురద చార కనిపించవచ్చు. డిక్కీలో అడుగు పలక ఎత్తి, కార్పెట్ కింది నురుగును వేళ్లతో నొక్కి చూడాలి. పైన ఎంత పాలిష్ పెట్టినా ఆ నురుగులోని చెమ్మ, వాసన తొందరగా పోవు.

ఢిల్లీ నుంచి వచ్చే చవక బేరాల గురించీ చెప్పుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఏళ్ల తరబడి నడిచిన ఆంక్షల వల్ల మంచి కార్లు కూడా తక్కువ ధరకే బయటికొచ్చాయి. ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ నడపొచ్చు. అయితే పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, కారు వయసును బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్సూ కట్టాలి. ఆ మొత్తం కలిపితే ఢిల్లీ బేరం చాలాసార్లు హైదరాబాద్ బేరానికి దగ్గరకొచ్చేస్తుంది. పన్ను తప్పించుకోవడానికి పుదుచ్చేరి నంబరుతో తిరుగుతున్న ఖరీదైన కార్లను హైదరాబాద్‌లో రవాణా శాఖ పట్టుకున్న సందర్భాలున్నాయి.

కొత్తదే కావాలనుకునేవాళ్లకు తెలంగాణలో ఇప్పుడొక దారి తెరుచుకుంది. 2024 నవంబర్‌లో వచ్చిన విధానం ప్రకారం ఎలక్ట్రిక్ కార్లకు 2026 డిసెంబర్ 31 వరకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. జీఎస్టీ కూడా 5 శాతమే. 7 సిరీస్‌కు ఎలక్ట్రిక్ రూపమైన ఐ7 తొలి ధర రూ.1.95 కోట్లు. 2022 నాటి 18 శాతం లెక్కన మిగిలే పన్ను రూ.35.1 లక్షలు. చాకన్‌లోనే తయారవుతున్న మెర్సిడెస్ ఈక్యూఎస్ 580 రూ.1.55 కోట్లతో వచ్చింది. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే మాత్రం వీటి ధర పెట్రోలు కారు కంటే ఎక్కువ పడిపోవచ్చు. బ్యాటరీ మీద భయంతో కొనేవాళ్లు వెనకాడతారు కాబట్టి, ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లకే ఇది లాభం.

పాత కారు ఖాయం చేసుకుంటే అడ్వాన్సు ఇచ్చే ముందే కంపెనీ వర్క్‌షాపులో పరీక్ష చేయించాలి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనడంలో అర్థం లేదు. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి మూడూ తాము పరీక్షించిన పాత కార్లను వారంటీతో అమ్ముతున్నాయి. ధర కాస్త ఎక్కువైనా ఈ తరహా కారుకు ఆ వారంటీ విలువైనది. ఆర్సీ మీద అప్పు నమోదై ఉంటే దాన్ని ఫారం 35తో తీయించాకే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోవాలి. బీమాను పద్నాలుగు రోజుల్లో పేరు మార్పించుకోవాలి. పాత యజమానికి ఉన్న నో క్లెయిమ్ బోనస్, అది 50 శాతమైనా, కారుతో రాదు, ఆయనతోనే పోతుంది. కాబట్టి ఆయన కట్టిన ప్రీమియం చూసి లెక్క వేసుకోకుండా, కొత్త పేరు మీద ఎంత అవుతుందో బీమా కంపెనీ నుంచి రాయించుకుని, ఆ తర్వాతే కారు ధర తేల్చుకోవాలి.