పగ లేకపోయినా నేరమే

ఇంగ్లీషు కోర్టుమాట ‘మాలిస్’ను కృష్ణగిరి జిల్లా ఉర్దూవాళ్లకు ఎలా విడమరచాలో రాయమన్నారు సంపాదకులు. ఉర్దూలో దానికి ‘కీనా’ అనో ‘అదావత్’ అనో చెప్పడం వాడుక. రెండూ కడుపులో దాచుకున్న కక్షలే. అక్కడే నాకు అభ్యంతరం. "వాడి మీద నాకే పగా లేదు, మరి నేరమెట్లా?" అని అడిగే మనిషికి ఆ మాటలు తప్పుదారి చూపిస్తాయి.

నన్ను పట్టేసింది 1860 నాటి భారత శిక్షాస్మృతి 425వ సెక్షన్. ఒకరి సొత్తుకు నష్టం చేయడం గురించి. దాని కింది ఉదాహరణల్లో మనుషులకు పేర్లుండవు, ‘ఏ’, ‘జెడ్’ అంతే. జెడ్ ఉంగరాన్ని ఏ ఏట్లోకి విసిరేస్తాడు. జెడ్ మంచుకొట్లోకి నీళ్లు వదిలి మంచంతా కరిగిస్తాడు. పొత్తులో ఉన్న గుర్రాన్ని, జెడ్‌కు నష్టం రావాలనే కాల్చేస్తాడు. ఆఖరున జెడ్ చేలోకి పశువులను తోలతాడు.

ఈ ఆఖరిది కుందారపల్లిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. శుక్రవారం సంతకు మేకలూ గొర్రెలూ వచ్చే ఊరు. మంద ఒకటి దారిపక్క రాగి చేలో పడిందనుకోండి. బెదిరి పడితే అది ఒక సంగతి. కాపరి కునుకు తీస్తే ఇంకో సంగతి. అజాగ్రత్తే, ఈ నేరం కాదు. కానీ కాపరే ముళ్లకంప పక్కకు లాగి ‘హేయ్’ అని లోపలికి అదిలిస్తే? రైతెవరో అతనికి తెలియకపోవచ్చు. ఇంక పగెక్కడిది? జీవాల కడుపు నిండితే చాలనుకున్నాడు, పంట పోతుందని మాత్రం తెలుసు. ఆ ఎరుక చాలు. సొత్తుగల మనిషికే నష్టం చేయాలని తలచి ఉండాల్సిన పని లేదని సెక్షన్ వివరణే చెబుతుంది.

అందుకే నా ఓటు ‘నీయత్’కు, అంటే ఉద్దేశానికి. నమాజుకు ముందు, ఉపవాసానికి ముందు నీయత్ చేసుకోవడం ముసల్మాను ఇళ్లలో పిల్లలకూ తెలుసు. చెడ్డదైతే ‘బద్‌నీయతీ’. ఎరుక సంగతికి దక్కనీలో నోటి మీదుండే ‘జాన్‌బూజ్‌కే’ ఉండనే ఉంది. తెలిసీ, కావాలనీ, రెండూ అందులోనే.

చరిత్ర క్లుప్తంగా: 1792లో టిప్పు నుంచి, కృష్ణగిరి ఉన్న బారామహల్ కుంపిణీ చేతికొచ్చింది. శిక్షాస్మృతికి మెకాలే ముసాయిదా 1837లో, చట్టం 1860లో, అమలు 1862లో. డిప్యూటీ నజీర్ అహ్మద్ దాన్ని ‘తాజీరాతె హింద్’గా ఉర్దూ చేశారు. ఇంగ్లండు హత్యచట్టంలో ‘మాలిస్’ ఉన్నచోట మన స్మృతి ఉద్దేశాన్నీ ఎరుకనూ పెట్టింది. మాలిస్ అంటే పగే కానక్కర్లేదని, సరైన కారణం లేకుండా కావాలని చేసిన తప్పుడు పనీ అదేనని 1825లోనే ఇంగ్లండు జడ్జి బేలీ ఒక పరువునష్టం కేసులో తేల్చారు.

పక్క పెట్టె

దావా, వాయిదా, జామీను: తెలుగువాళ్లూ ఉర్దూవాళ్లూ కోర్టులో పంచుకునే మాటలు.

2024 దాకా అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో, అంటురోగం వ్యాపించే పని అజాగ్రత్తగా చేస్తే 269 కింద ఆరు నెలల దాకా, కీడు తలపెట్టి చేస్తే 270 కింద రెండేళ్ల దాకా జైలు ఉండేది. పని ఒకటే.

మతభావాలను ‘బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో’ గాయపరచడం గురించిన 295ఎ 1927లో చేరింది.

2024 జూలై 1 నుంచి, శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 425 నిర్వచనం 324గా మారింది. మామూలు నష్టానికి గరిష్ఠ జైలు మూడు నెలల నుంచి ఆరు నెలలకు పెరిగింది. చేలోకి పశువులను తోలే ఉదాహరణ అలాగే ఉంది.