ముంగిట కుండీలలో స్ట్రాబెర్రీ

కాలు మోపితే మట్టి తగిలే ఇళ్లు మన పట్టణాలలో నానాటికీ తగ్గిపోతున్నవి. ఉర్దూలో సహన్ అనీ, తెలుగులో ముంగిలి అనీ మనం పిలుచుకునే చోటు అనేక గృహాలలో సిమెంటు గచ్చుగా మారినది. మా ఇల్లు కూడ అటువంటిదే. ఆ గచ్చు మీద 12 కుండీలలో స్ట్రాబెర్రీ పెంచబూని, మొదటి సంవత్సరం 8 మొక్కలను మా చేతులతోనే పోగొట్టుకున్నాము. మేము తెలుగు బోధించువారమే గాని వృక్షశాస్త్రజ్ఞులము కాము. అయినను ఆ నష్టం నేర్పిన పాఠం విద్యార్థి మిత్రులకు ఉపకరిస్తుందని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

నేడు మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ అడవిలో పుట్టినది కాదు. 1712లో ఫ్రాన్సు నుండి దక్షిణ అమెరికాకు వెళ్లిన ఫ్రేజియే అనే సైనిక ఇంజనీరు చిలీ తీరంలో పెద్ద పండ్లు కాచే ఒక జాతిని చూచినాడు. 1714లో ఆయన తెచ్చిన వానిలో ఐదు మొక్కలు ప్రాణాలతో ఫ్రాన్సు చేరినవి. మంచినీటిని కొలిచి వాడుకొనే ఓడలో మొక్కలకు నీరు దక్కడమే గొప్ప. అయితే అవన్నీ ఆడపువ్వులు మాత్రమే పూచే మొక్కలు కావడం చేత చాలకాలం కాపు లేకుండ ఉండిపోయినవి. ఉత్తర అమెరికా నుండి వచ్చిన వర్జీనియా జాతిని వాని ప్రక్కన నాటిన తరువాతనే అవి ఫలించినవి. ఆ రెండు జాతుల కలయికయే నేటి స్ట్రాబెర్రీ. ఈ సంకరాన్ని 1766లో గుర్తించి వివరించిన డ్యూషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడ నిండలేదు. మన విద్యార్థులు ఈ మాట గమనింతురు గాక!

ఇది చల్లదనం కోరే మొక్క. మన దేశంలో దీనికి ప్రసిద్ధి చెందిన మహాబలేశ్వరం సహ్యాద్రి కొండలపై ఉన్నది. అక్కడి పండుకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగునాట అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి ప్రాంతపు రైతులు దీనిని పండిస్తున్నారు. మైదానంలో ఉన్న మనకు దక్కేది శీతకాలం ఒక్కటే. అక్టోబరులో నాటితే, పగళ్లు కురుచయై రాత్రులు చల్లబడిన కొలదీ పూత వస్తుంది. డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు కాపు ఉంటుంది. ఎండలు ముదిరిన పిదప మొక్క నిలవడం కష్టం. ఈ సంగతి తెలిసికొనియే పని మొదలుపెట్టడం మంచిది.

స్ట్రాబెర్రీ వేళ్లు లోతుకు పోవు. కనుక 8 అంగుళాల కుండీ ఒక మొక్కకు చాలును. 12 అంగుళాల వెడల్పు గల తొట్టిలో మూడు నాటవచ్చు. అడుగున రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చితే మట్టి గుల్లగా ఉంటుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోట కుండీని ఉంచవలెను.

నాటడంలో ఒక మెలకువ ఉన్నది. ఆకులన్నీ పుట్టుకొచ్చే నడిమి భాగాన్ని తెలుగు రైతు మొవ్వు అంటాడు. మొవ్వు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. మరీ పైకి తేలితే వేళ్లు ఎండుతాయి. మట్టి మట్టం సరిగ్గా మొవ్వు క్రింద ఆగవలెను. మొక్క గట్టిగా నిలవాలని మేము మొవ్వు దాక మట్టి కప్పినాము. అది మా మొదటి తప్పు.

రెండవది నీరు. ఉదయం మా అమ్మగారు వజూ చేసిన నీరు పోసేవారు. సబ్బు కలియని ఆ నీటితో మొక్కకు హాని లేదు. మధ్యాహ్నం బడి నుండి వచ్చిన పిల్లలు పోసేవారు. సాయంకాలం కళాశాల నుండి వచ్చి మేము పోసేవారము. మొక్కలు వాడినట్లు కనిపిస్తే దాహమేమోనని మరింత పోసినాము. వేళ్లకు గాలి ఆడక కుళ్లినప్పుడు కూడ మొక్క వాడుతుందని అప్పటికి మాకు తెలియదు. రెండవ సంవత్సరం ఆ పని మా చిన్నమ్మాయి ఒక్కతెకే అప్పగించినాము. వేలు ఒక కణుపు లోతు మట్టిలో దింపి, తడి తగిలితే ఆ పూట మానివేయడం ఆమెకు నేర్పినాము. ఆ ఏడు ఒక్క మొక్క మాత్రమే పోయినది.

పూత వచ్చిన తరువాత సుమారు నెల రోజులకు పండు చేతికి వస్తుంది. పండు పైన గింజలవలె కనిపించేవే నిజమైన ఫలాలు. ఒక్కొక్క దానిలో ఒక విత్తనం ఉంటుంది. మనం తినే ఎర్రని కండ, పువ్వుకు పీఠమైన పుష్పాసనం ఉబ్బగా ఏర్పడినది. పరాగం అందని వైపు ఆ కండ పెరగదు. వంకర పండ్లు కాయడానికి ముఖ్యమైన కారణమిదే. తేనెటీగలు రాని ముంగిట మెత్తని కుంచెతో పువ్వు మధ్య మెల్లగా త్రిప్పితే చాలును. పండు తడిమట్టిని తాకి బూజు పట్టకుండ క్రింద వరిగడ్డి పరచవలెను. పూర్తిగా ఎర్రబడిన తరువాతనే కోయాలి, ఎందుకనగా కోసిన పిదప ఈ పండుకు తీపి పెరగదు. కాపు కాలంలో పాకే తీగలను త్రుంచివేస్తే బలం పండుకు చేరుతుంది. కాపు ముగిసిన తరువాత వచ్చే తీగల కణుపుల వద్ద పిలకలు వేళ్లూనుతాయి. వానిని నీడలో కాపాడగలిగితే మరుసటి ఏటికి మొక్కలు కొనవలసిన పని ఉండదు. మా ఇంట నిరుడు వేసవి దాటి బ్రతికిన పిలకలు మూడు.

తరగతి గదిలో పుష్పాసనం అన్న పదాన్ని నల్లబల్లపై వ్రాయగలము. దానిని విద్యార్థి చేతిలో పెట్టి చూపగలిగేది కుండీయే. మన కళాశాల మేడ మీద రోజంతా ఎండ కాస్తున్నది. మన విద్యార్థులలో చాలమందికి సెంటు నేల కూడ లేదు. కార్యవర్గం వారు అనుమతిస్తే వచ్చే అక్టోబరులో అక్కడ 20 కుండీలు పెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాము. నీరు పోసే పని మాత్రం ఒక్కరికే అప్పగించవలెనని ముందుగానే మనవి చేస్తున్నాము.