కరవది సన్నాయి శ్రీరంగం చేరిన వైనం

కార్తీక మాసంలో మన రావివలస ఎండల మల్లికార్జున స్వామి గుడి వైపు నుంచి సన్నాయి వినబడితే, వాయిస్తున్నది ఎవరని మనం ఆరా తీయం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అడిగితే చాలాచోట్ల షేక్‌ల పేర్లే చెబుతారు. అక్కడ తరతరాలుగా ఆలయాల్లో, పెళ్లిళ్లలో నాదస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గుడిలో కీర్తన వాయించి వచ్చి ఇంట్లో నమాజు చేసుకునేవారిని ఊరు తన మనుషులుగానే చూసింది. ఆ ఆదరణే లేకపోతే ఆ విద్య రెండో తరానికి అందేది కాదు.

ఆ కుటుంబాల్లోంచి వచ్చినవారే షేక్ చిన మౌలానా సాహెబు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టారు. మొదట తండ్రి దగ్గర, తరువాత చిలకలూరిపేటలో ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగి ఉంటే మంచి పెళ్లి మేళగాడిగా పేరు తెచ్చుకునేవారేమో. ఆయన మనసు మాత్రం తంజావూరు బాణీ మీదికి పోయింది. అప్పటికే పేరున్న విద్వాంసుడై ఉండి కూడా తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు.

ఆ బాణీ అలా తయారవడానికి అక్కడి వీధులే ఒక కారణం. కావేరీ తీరంలో ఉత్సవ విగ్రహం మాడవీధుల్లో నెమ్మదిగా కదులుతుంది, మలుపుల్లో ఆగుతుంది. రాత్రి పొడుగునా జనం మేళం చుట్టూ నిలబడి వింటారు. వాయించేవాడికి తొందర ఉండదు కాబట్టి ఒక్క రాగాన్నే గంటల తరబడి విస్తరించగలడు. ముహూర్తం ముంచుకొస్తుంటే వాయించే పెళ్లి పందిట్లో ఆ తీరిక ఎక్కడిది? వినేవారి ఓపికను బట్టే వాయించేవారి విద్య పెరుగుతుందని మాకు అనిపిస్తుంది.

చివరికి ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. తెలుగు ముస్లిం విద్వాంసుణ్ణి ఆ వైష్ణవ క్షేత్రం తనవాణ్ణి చేసుకుంది. ఆయనా ఆ ఊరికి బాకీ ఉంచలేదు. అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమం నెలకొల్పి శిష్యులను తయారు చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనకు దక్కాయి. 1999లో కన్నుమూశారు. మనవలు కాశిం, బాబు ఆ బాణీని కొనసాగిస్తున్నారు. తెలుగు నేల నుంచే వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన మరో జంట షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్‌లకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ దంపతులిద్దరూ కలిసే కచేరీ చేస్తారు. ఆడపిల్లకు ఈ వాద్యం ఎందుకనే వారికి ఈ ఒక్క మాట చాలు.

సంతోషంతోపాటు ఇందులో కొంచెం బాధ కూడా ఉంది. విద్య పుట్టింది మన దగ్గర, పండింది పరాయి చోట. మన జిల్లాలోనే బుడితి ఇత్తడి పనివారిని చూడండి. వంటింట్లోకి స్టీలు వచ్చాక బిందెకూ చెంబుకూ గిరాకీ తగ్గింది. కొనే ఊరు లేనప్పుడు, ఎంత పనితనం ఉన్నా తండ్రి కొడుకును కొలిమి దగ్గర కూర్చోబెట్టడు.

ఇదంతా దాతల ముందు ఎందుకు పెడుతున్నామంటే, మనం ఇంజనీరింగ్ ఫీజు అడిగిన పిల్లవాడికి వెంటనే సాయం చేస్తాం. చేతిపనో, చిత్రలేఖనమో, వాద్యమో నేర్చుకుంటానని వచ్చినవాడికి మాత్రం, "ముందు చదువు చూసుకో నాయనా" అని చెప్పి పంపేస్తాం. జకాత్ సొమ్ము సంగతి మేం ఎత్తడం లేదు, దాని నియమాలు దానికి ఉన్నాయి. సంగీతం విషయంలో మన పెద్దల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయనీ తెలుసు, ఆ చర్చ వారికే వదిలేద్దాం. సాధారణ విరాళాల్లోంచి ఏటా ఒకరిద్దరికైనా, గురువు ఉన్న ఊళ్లో ఉండి నేర్చుకునేందుకు బస, భోజనం ఖర్చు ఇవ్వగలమా అన్నదే మా ప్రశ్న. వచ్చే సంవత్సరం దరఖాస్తు ఫారంలో "కోర్సు" అన్న చోట "కోర్సు లేదా విద్య" అని అచ్చు వేయించాలని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించబోతున్నాం.