మఱుగుమాటలు: సికింద్రాబాదు వాడుకలో చూపు మొదలు చూలు వరకు

స్త్రీపురుషుల చెలిమిని గూర్చి తెలుగువారు పలుకు చాటుమాటలను విచారింపబూనినపుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినవాడు వామనుడు. దాదాపు పండ్రెండువందల యేండ్ల క్రిందట ఆ కాశ్మీర పండితుడు అశ్లీలమును వ్రీడను, జుగుప్సను, అమంగళమును కలిగించునదిగా మూడు విధములుగా విభజించెను. అంతటితో ఊరకుండక, అట్టి పదము ఏ సందర్భమున దోషము కాదో కూడ చెప్పెను. అసభ్యార్థము అప్రసిద్ధమైనచో అది గుప్తము; లక్షణచేత మాత్రమే స్ఫురించునట్టిది లక్షితము; లోకవ్యవహారమే దానిని కప్పివేసినచో అది సంవృతము. 'భగిని' అను పదమును విని సిగ్గుపడువారు లేరు గదా! ఈ సంవృతమే మా ప్రస్తుత విషయమునకు తాళపుచెవి. లోకము కప్పిన కప్పును లోకమే తీసివేయుటయు కలదు. అది వామనుడు చెప్పలేదు.

'శోభనము' అను మాటను చూడుడు. దానికి మంగళమని యర్థము. మంగళహారతులందు నేటికిని ఆ యర్థముననే వినవచ్చును. క్రొత్త దంపతుల తొలిరేయిని పేరుపెట్టి పలుక సిగ్గుపడిన పెద్దలు ఈ మంగళశబ్దమును తెచ్చి దానిపై కప్పిరి. కాలక్రమమున కప్పునకే ఆ రంగు పట్టినది. నేడొక సభలో 'మీకు శోభనమగుగాక' యని దీవించినచో సభ్యులు నవ్వుదురు. ఇంకను జాగ్రత్తపరులైనవారు 'కార్యము' అనిరి. పని యని తప్ప దానికి వేఱర్థము లేదు. అయినను 'అమ్మాయి కార్యమెప్పుడు?' అన్నచో ఏ కార్యమని అడుగువారుండరు. నేటి పడుచువారు ఈ రెండింటిని విడిచి 'ఫస్టునైటు' అనుచున్నారు. అది తొలిరాత్రికి ఆంగ్లవేషమే. పరభాష యగుటచే నాలుకకు బరువు తగ్గును.

శాసనములు బోధించు ఉపాధ్యాయులకు ఈ యిబ్బంది అనుభవైకవేద్యము. దేవుని అంగరంగభోగములకు భూమి నిచ్చిరని చదువగనే వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చును. స్నాన గంధ ధూపాదులు అంగభోగము, నృత్యగీతాదులు రంగభోగము అని వివరించునప్పటికి పాఠము సగము పోవును. ఆ నవ్వినవారే పెండ్లి 'అంగరంగవైభవముగా' జరిగినదని వ్రాయుటకు జంకరు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'నకు కలిగిన కష్టము ఇంతకంటె పెద్దది. తంజావూరు ప్రతాపసింహుని కాలమున (1739–63) ఆస్థానమున మన్ననలందిన ఆ కావ్యము స్త్రీ నోట రాదగనిదని కందుకూరి వీరేశలింగముగారికి తోచినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా వావిళ్ళవారు ప్రకటించిరి. మఱుసటి యేట ప్రభుత్వము నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇక ఇంటిలోని మాటలు. బాల్యవివాహములు సాగిన కాలమున పెండ్లికిని కాపురమునకును నడుమ ఏండ్లు గడచుచుండెను. ఆ నడుమ ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పేరు కావలసివచ్చినది. పిల్ల 'ఈడేరినది', 'సమర్తాడినది', 'పెద్దమనిషి అయినది' అనిరి. నెలనెల కలుగుదానికి 'బయట ఉన్నది' అనిరి. చిన్నపిల్లలు అడిగినచో 'కాకి ముట్టినది' అని చెప్పిరి. ఆ కాకి ఎన్ని యిండ్లలో ఎందఱు పిల్లలను నమ్మించినదో చెప్పనలవి కాదు! పిమ్మట గర్భాధానము, పునస్సంధానము. ఆపైన 'కాపురమునకు పంపుట'. చివరకు 'నెల తప్పినది', 'వట్టి మనిషి కాదు', 'నీళ్ళు పోసుకొన్నది'. ఈ చివరి మాట తెలంగాణమునను, కోస్తాలోను కూడ వినవచ్చును.

ఈ మాటల వరుసను ఒక్కసారి తిరిగి చదివినచో ఒక విశేషము తోచును. వీనిలో భర్త ఎక్కడను లేడు. మెట్లన్నియు పిల్ల దేహమునకు సంబంధించినవి. వానిని లెక్కించునది ఇల్లు. దంపతులిద్దఱును కర్తలుగా గల క్రియ ఒక్కటియు ఈ వరుసలో రాలేదు.

బాల్యవివాహ నిరోధమునకై 1929లో బ్రిటిషిండియాలో చట్టము వచ్చినది. వధువునకు కనీస వయస్సు 1955 నాటి హిందూ వివాహచట్టమున పదునైదేండ్లు, 1978 నాటి సవరణచే పదునెనిమిదేండ్లు అయినది. చదువులు పెరిగినవి. పెండ్లికిని కాపురమునకును నడుమ వ్యవధి పోయినది. వ్యవధి లేనిచో దానికి పేర్లెందుకు? పునస్సంధానము నేడు పురోహితుని నోటను, నిఘంటువునను మిగిలినది. 'శోభనము' మాత్రము పెండ్లి వేడుకలలో ఒకటిగా బ్రదికినది.

ఇంటి మాటలిట్లు తగ్గుచుండగా వీధి మాటలు పెరిగినవి. ఈ పెంపునకు సికింద్రాబాదు మంచి క్షేత్రము. సికందర్‌జా పేరిట 1806లో వెలసిన ఈ దండు పట్టణమును జనులు లష్కరనిరి. ఉజ్జయినీ మహంకాళి జాతరకు నేటికిని 'లష్కర్ బోనాలు' అనియే పేరు. మద్రాసు పటాలములతో వచ్చిన అరవము, తెలుగు. నగరపు దక్ఖినీ ఉర్దూ. దొరల ఆంగ్లము — అన్నియు రెజిమెంటల్ బజారులోను, మోండా మార్కెట్టులోను ఒరసికొన్నవి. 1874లో రైలు వచ్చినది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఇది కేంద్రస్థానమైనది. ఈ యూరి యువకుల చాటుమాటలలో ఈ వృత్తుల వాసన కొట్టుటలో వింత యేమున్నది?

కంటితో చూచుట 'సైటు కొట్టుట'. ఆమె యింటి వీధిని పదేపదే తిరుగుట 'బీటు వేయుట' — గస్తీ తిరుగు పోలీసువాని పని యిది. మనసు తెలుపుటకు యత్నించుట 'లైను వేయుట'. ఒప్పించుట 'పటాయించుట', ఇది హిందుస్తానీ ధాతువునకు తెలుగు ప్రత్యయము చేర్చిన రూపము. వ్యవహారము సాగుచున్నచో 'చక్కర్ నడుచుచున్నది'. ఆమెవైపు అభ్యంతరము లేదని తెలిసినచో 'లైను క్లియరు'! ముందున్న స్టేషను అనుమతింపనిదే బండి కదలరాదను రైల్వే నియమము ఇంత సరసముగా అన్వయింపబడునని ఆ శాఖవారు తలచియుండరు.

మన శాస్త్రమున మన్మథావస్థలు పది. మొదటిది చక్షుఃప్రీతి, పిదప మనస్సంగము, సంకల్పము, జాగరము మొదలగునవి, చివరిది మరణము. సైటు కొట్టుట చక్షుఃప్రీతియే యని మేమొకసారి తరగతిలో చెప్పగా విద్యార్థులు ఆ ఒక్క పాఠమును మఱువలేదు. అమెరికా యువకులు బేస్‌బాల్ ఆటలోని 'బేసుల'తో ఈ మెట్లను ముద్దునుండి చివరివరకు లెక్కింతురు. ఆ లెక్క జంటకు సంబంధించినది. మన వీధి మాటలు అంత దూరము పోవు. చూపునొద్ద వానికెంత సంపద కలదో, చేయి పట్టిన పిమ్మట అంత దారిద్ర్యము. ఇంటి మాటలకు కర్త పిల్ల. వీధి మాటలకు కర్త కుఱ్ఱవాడు. 'వాడు లైను వేసినాడు' అందురు. 'ఆమె వేసినది' అని మేము వినుట అరుదు.

కాబట్టి నడుమ ఒక ఖాళీ మిగిలినది. దంపతులు తమ కలయికను తాము నిబ్బరముగా చెప్పుకొనుటకు తగిన నడిమితరపు తెలుగుమాట లేదు. ఒకవైపు సంభోగాది సంస్కృతపదములు, ఒకవైపు ఆంగ్లము, క్రింద తిట్లు. ఇది పండితుల బాధ మాత్రమే అనుకొనరాదు. సంతానము లేక వచ్చిన ఒక స్త్రీని వైద్యురాలు 'మీరిద్దఱు కలిసి ఉంటున్నారా?' యని అడుగగా, ఆమె 'అత్తమామలతో కూడ కలిసే ఉంటున్నామండి' యని బదులు చెప్పెనట. మాకు చెప్పినవారు నవ్వుచునే చెప్పిరి గాని, ఆ స్త్రీ కావలసిన ప్రశ్నకు సమాధానము చెప్పకయే ఇంటికి పోయినదని మఱువరాదు. 'కలియు' ధాతువు ఇట్టి పనికి మిక్కిలి వదులు. 'పొందు' కావ్యములందు చక్కగా నడచినది. దానిని వాడుకలోనికి తెచ్చు యత్నము మాత్రము మాకు కనబడలేదు.

వృత్తిపదములను సేకరించుటకు మనవారు చక్కని మార్గము వేసిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రకటించినది. నాగలికి సంబంధించిన మాటను రైతు సభలో చెప్పును. ఈ మాటలను సభలో ఎవరు చెప్పుదురు? అడుగువాడు పురుషుడైనచో సగము తలుపు ముందే మూయబడును. మారేడుపల్లిలో ఒక వృద్ధురాలి నొద్దకు మేము రెండుమార్లు పోయితిమి. ఆమె మాకు పెండ్లిపాటల పేర్లు మాత్రము చెప్పి, కాఫీ యిచ్చి పంపెను. మా పరిశోధక విద్యార్థిని ఒంటరిగా పోయి ఒక మధ్యాహ్నమంతయు కూర్చుండి ఇరువది పుటలు వ్రాసికొని వచ్చినది. ఆ పుటలను చూపుమని మేమడుగగా, ముందు తన తల్లికి చూపి, ఆమె యేవి చూపవచ్చునన్నచో అవి చూపుదునని చెప్పినది. ఇంతవరకు మాకు ఏడు పుటలు వచ్చినవి.