రాజీనామా లేఖ కథ కాదు

మణికొండ మర్రిచెట్టు దగ్గర టీకొట్టులో ఈమధ్య ఒక మాట తరచూ చెవిన పడుతోంది: “పేపర్లు పెట్టేశా బ్రో, ఇక నవలే.” మా అపార్ట్‌మెంటు కుర్రాడొకడు నిజంగానే పెట్టేశాడు. మూడు నెలల నోటీసు పిరియడ్ అయింది, రిలీవింగ్ లెటరు వచ్చింది, నవల మాత్రం రాలేదు. దాచుకున్నది కరిగిపోతే ఫ్లాటు ఖాళీచేసి పీజీలో చేరాడు. “బండి ఈఎంఐ గుర్తొస్తే వాక్యం సాగట్లేదు అంకుల్” అంటున్నాడు. ఉద్యోగంలో ఉండగా ఆదివారాలు కూర్చుని రెండు మంచి కథలు రాసిన పిల్లాడే! వాడికి ఉద్యోగం మానెయ్యమని సలహా ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, తాను మాత్రం ఒకటో తారీకున జీతం అందుకుంటూనే ఉంటాడు.

అపోహ: ఉద్యోగం, రచన ఒక ఒరలో ఇమడవు. రాయాలంటే వదిలెయ్యాలి.

వాస్తవం: తెలుగు కథలోంచి ఉద్యోగస్తుల్ని తీసేస్తే మిగిలేది బహు తక్కువ. గురజాడ విజయనగరం సంస్థానం కొలువు చేశాడు. పాలగుమ్మి పద్మరాజు కాకినాడ పీ.ఆర్. కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పాడు. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చిన ‘గాలివాన’ ఆయనదే. బుచ్చిబాబు ఆలిండియా రేడియో ఉద్యోగి. కాళీపట్నం రామారావు విశాఖలో పిల్లలకు లెక్కలు చెబుతూనే 1964లో ‘యజ్ఞం’ రాశాడు. ఆయన్ని కారా మాస్టారు అన్నది ముద్దుకు కాదు, బడిపంతులు గనకే. అంతెందుకు, కాఫ్కా ప్రాగ్‌లో కార్మికుల బీమా ఆఫీసులో 1908 నుంచి 1922 దాకా ఫైళ్ళు చూశాడు.

వీళ్ళు ఉద్యోగాన్ని పళ్ళబిగువున భరిస్తూ రాశారనుకుంటే అది ఇంకో పొరపాటు. రావిశాస్త్రి విశాఖలో నల్లకోటు వేసుకున్న ప్లీడరు. మద్యనిషేధం కేసుల్లో కోర్టు మెట్లెక్కే బీదవాళ్ళని, వాళ్ళచుట్టూ తిరిగే పోలీసుల్ని, దళారుల్ని రోజూ చూడకపోతే ‘ఆరు సారా కథలు’ ఎక్కణ్ణుంచి వచ్చేవి? కోర్టు ఆయనకి కూడు పెట్టింది, కథా పెట్టింది.

మరి మీ కోర్టు ఏది? విప్రో సర్కిల్ దగ్గర గంటసేపు కదలని క్యాబు. ల్యాప్‌టాప్ అప్పగించి, మెడలో ట్యాగు తీసిచ్చి, భార్యకి ఏం చెప్పాలో తెలియక పార్కింగులోనే నిలబడిపోయిన టీమ్ లీడు. లాంకో హిల్స్ టవర్ల నీడలో పొద్దున్నే పనికోసం ఎదురుచూసే అడ్డా కూలీ. ఇవన్నీ మీ కళ్ళముందే ఉంటే, రాజీనామా ఇచ్చి గదిలో తలుపేసుకుని నగర జీవితం మీద నవల రాస్తారా?

ఇక డబ్బు. పుస్తకం వెల 200. మీ అదృష్టం పండి వెయ్యి కాపీలూ అమ్ముడయ్యాయనుకుందాం. పది శాతం రాయల్టీ లెక్కన చేతికొచ్చేది 20,000. మణికొండలో రెండు బెడ్‌రూముల ఫ్లాటుకి ఒక నెల అద్దెకైనా చాలదు. ఆ నవలకి మీరు పెట్టేది రెండేళ్ళు.

కలంతో బతికినవాళ్ళే లేరా అంటారు. ఉన్నారు, ఒప్పుకోక తప్పదు. వెయ్యి నవలల కొవ్వలి ఉన్నాడు. బ్యాంకు కొలువు మానేసి పూర్తికాలం రచయిత అయిన యండమూరి ఉన్నారు. కానీ యండమూరి పాఠకులు వచ్చాక ఉద్యోగం వదిలారు, వస్తారని వదల్లేదు. పైగా ఆ రోజుల్లో సీరియల్ కోసం వారపత్రిక కొనే జనం ఇంటింటా ఉండేవారు. ఇప్పుడు ఆ పత్రికల్లో చాలావాటి పేర్లు పాతపుస్తకాల కొట్లలోనే కనబడతాయి.

మిగతా అపోహలకి తలా ఒక్క ముక్క చాలు.

మూడ్ రావాలి: జీతం ఇచ్చేవాడి దగ్గర ఈ మాట అని చూడండి.

నా ఐడియా ఎవరైనా కొట్టేస్తారు: ముందు రాయండి, తరువాత దొంగల సంగతి.

ఇతరుల కథలు చదివితే ప్రభావం పడుతుంది: పడనివ్వండి, మీకే మంచిది.

ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి తెలుగు కథ రాదు: అమ్మతో ఫోన్లో ఏ భాష మాట్లాడతారో అందులోనే మొదలుపెట్టండి.

కృత్రిమ మేధ రాసిపెడుతుంది: అయితే చదవడం కూడా దానికే అప్పజెప్పండి.

ఉద్యోగం మనిషిని పిప్పిచేస్తోందన్నది అబద్ధం కాదు. అమెరికా కాల్స్ రాత్రి పదకొండుకి అయ్యాక ఎవడికైనా పడుకోవాలనే ఉంటుంది. అందుకే రాత్రిని నమ్ముకోవద్దు. పొద్దున ఆఫీసు లాగిన్‌కి ముందు ముప్పావు గంట, ఫోను పక్కగదిలో. రోజుకి ఒక పేజీ చొప్పున వారానికి ఐదు పేజీలైనా, ఏడాదికి 250 దాటతాయి. నవల చిత్తుప్రతికి అది ధారాళం. చివర్లో ముడి విప్పడానికి ఎడతెగని సమయం కావాలంటే పదిరోజులు సెలవు పెట్టండి. మధ్యమధ్య చదువు తెగకుండా చూసుకోండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం సేకరించిన పాత కథలు ఇప్పుడు నెట్‌లోనూ దొరుకుతున్నాయి. క్యాబులో రీల్స్ చూసే సమయం వాటికి చాలు.

మా కుర్రాడికి సోమవారం ఇంటర్వ్యూ ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. పిలిచేదాకా ఫోను జేబులోనే ఉంచుకుని, పక్క కుర్చీల్లో వాళ్ళు ఫైళ్ళని ఎలా పట్టుకున్నారో చూసి రమ్మన్నాను.